నానమ్మ వాళ్ళమ్మ పేరేమిటి?

వంశవృక్షం గీయడం మగవాళ్ళ పని అనుకుంటాం. కానీ దాని వేర్లు ఉన్నది మన వంటింట్లో, మన ట్రంకుపెట్టెలో, మన అత్తగారి జ్ఞాపకంలో!

మీ అమ్మ పేరు చెప్పండి. చెప్పేశారు కదూ! అమ్మమ్మ పేరు? అదీ తెలుసు. మరి అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు? పోనీ, మీవారి నానమ్మ వాళ్ళమ్మ పేరు? ఇక్కడికొచ్చేసరికి మనలో చాలామంది పక్కవాళ్ళ ముఖం చూస్తాం. "ముసలమ్మ అనేవాళ్ళం... పేరేంటో మరి!" అనేస్తాం.

తాత పేరు, ముత్తాత పేరు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. పొలం కాగితాల్లో ఉంటాయి, కోర్టు కాగితాల్లో ఉంటాయి, మనవడికి పెట్టిన పేరులోనూ ఉంటాయి. ముత్తవ్వ పేరే ఎక్కడా కనిపించదు. ఆవిడ పుట్టినింట ఒక ఇంటిపేరుతో పుట్టింది, మెట్టినింట ఇంకో ఇంటిపేరుతో పోయింది. మధ్యలో అందరూ "ఫలానా వాళ్ళ కోడలు" అన్నారు, తర్వాత "ఫలానా వాళ్ళ అమ్మ" అన్నారు. అసలు పేరుతో పిలిచినవాళ్ళు ఎందరో!

పేరు మారడం మనుషులకే కాదు, పేటలకీ ఉంది. మన సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌నే చూడండి. ఇక్కడి మెట్లబావి ఉన్న చోటుని ఒకప్పుడు నాగన్నకుంట అనేవారు. 1933 ప్రాంతంలో, బ్రిటిష్ రెసిడెంట్ కీస్ దొర కాలంలో, సేఠ్ బన్సీలాల్ ఇచ్చిన విరాళంతో ఇక్కడ పద్ధతైన పేట కట్టించారు. ఆయన పేరే పేటకి నిలిచింది. ఆ బావి తర్వాత చెత్తతో పూడిపోయింది. మళ్ళీ పూడిక తీసి, మెట్లు బాగుచేసి, 2022 డిసెంబర్ 5న తెరిచారు. చెత్త తీసేదాకా కింద అంత అందమైన రాతి కట్టడం ఉందని ఈ తరం పిల్లలకి తెలియనే తెలియదు. ఇంటి చరిత్రా అంతే. పైన పేరుకున్నది తీస్తే గానీ కింద ఏముందో కనబడదు.

బన్సీలాల్‌పేట్, భోయిగూడ, కవాడిగూడ గల్లీల్లో "మీదే ఊరమ్మా?" అని అడిగి చూడండి. చాలామంది ఇంకో ఊరి పేరే చెబుతారు. తాతల నాడు పనికోసమో, కరువుకో, గొడవలకో ఊరు విడిచి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఆ ఊరితో మనకున్న దారం ఏ ముసలావిడ నోట్లోనో వేలాడుతోంది. ఆ దారం తెగకముందే పట్టుకోవాలి. ఎలాగో చూద్దామా?

మొదటి ఆఫీసు మన ఇల్లే

తహసీల్దార్ ఆఫీసుకి పరిగెత్తే ముందు ఇంట్లో వెతకండి. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ ఇవ్వండి.

ముందు గిన్నెలు తీయండి. అవును, గిన్నెలే! అటక మీద ఉన్న ఇత్తడి బిందె, రాగి చెంబు, కంచు గిన్నె దించి చింతపండుతో తోమండి. అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంటుంది. పెళ్ళికి పెట్టినవాళ్ళు తమ పేరో, పెళ్ళికూతురి పేరో, ఒక్కోసారి తేదీతో సహా కొట్టించేవారు. పొలం కాగితంలో లేని ఆడవాళ్ళ పేర్లు బిందె అంచు మీద దొరుకుతాయి. పాత సామాన్లవాడికి బిందె వేసేముందు ఆ అంచు ఒక్కసారి చదవండి. ఫోటో తీసి పెట్టుకోండి.

తర్వాత ట్రంకుపెట్టె. శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, చదివింపుల పుస్తకం, పాత ఉత్తరాలు, బడి సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు ఒక్కటీ పారేయకండి. చదివింపుల పుస్తకం మరీ విలువైనది. ఎవరెవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరు ఎంత చదివించారో అందులో వరసగా ఉంటుంది. మేనమామ ఊరేదో, ఆడబిడ్డని ఏ ఊరికిచ్చారో దాంట్లోనే తెలిసిపోతుంది.

ఫోటోల వెనక తిప్పి చూడండి. స్టూడియో ముద్ర ఉంటే ఊరు తెలుస్తుంది. ఫోటోలో ఉన్నవాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళు బతికుండగానే వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయించండి. పెన్ను వద్దు, సిరా ఇవతలికి ఊరుతుంది.

ఇక మన ఆచారాలు. పెళ్ళిలో పురోహితులు ప్రవర చెప్పేటప్పుడు మూడు తరాల పేర్లు చదువుతారు: ఫలానావారి మునిమనవరాలు, ఫలానావారి మనవరాలు, ఫలానావారి కూతురు అని. తర్పణాలు వదిలే ఇళ్ళలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నానమ్మ, నానమ్మగారి అత్తగారి పేర్లూ చెబుతారు. ఆ పేర్లు రాసుకున్న చీటీ పూజగదిలో ఎక్కడో ఉంటుంది. మన తెలంగాణ ఇళ్ళలో పెత్రమాస రోజు పెద్దలకు బియ్యం ఇస్తాం. అదేరోజు ఎంగిలిపూల బతుకమ్మ కూడా. ఎవరెవరి పేరు మీద బియ్యం ఇస్తున్నారో అత్తగారు చెబుతుంటే పక్కన కూర్చుని రాసుకోండి. ఏడాదికొకసారి ఇంట్లోవాళ్ళ పేర్లు పైకి చదివే రోజది. దాన్ని మించిన రికార్డు ఏ ఆఫీసులోనూ లేదు.

అత్తమ్మని అడిగే తీరు

పెద్దవాళ్ళ ఎదుట పోలీసులా కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే ఏమీ చెప్పరు. "ఇప్పుడవన్నీ ఎందుకే!" అంటారు. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడో, చింతపండు గింజ తీసేటప్పుడో కదపండి. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. "నీ పేరేంది, మీ నాయన పేరేంది" అనే ప్రశ్నలకంటే ఇలాంటివి అడగండి:

- అత్తమ్మా, మీ అమ్మను ఏ ఊరికెళ్ళి తెచ్చుకున్నరు?
- మీ అమ్మమ్మను ఇంట్ల ఏమని పిలిచేటోళ్ళు? అసలు పేరేంది?
- పుట్టెంటికలు ఏ దేవుని దగ్గర తీసేటోళ్ళు?
- మీ పెండ్లప్పుడు మీకు ఎన్నేండ్లుంటయ్? అప్పుడు ఊర్ల ఏం జరిగింది?
- మన ఇంట్ల ఈ పేరు ఎవరి పేరు మీద పెట్టిండ్రు?
- ఊరిడిచి పట్నం ఎవరు ముందు వచ్చిండ్రు? ఎందుకొచ్చిండ్రు?

ఆఖరి ప్రశ్న జాగ్రత్తగా అడగండి. ఊరు విడవడం వెనక అప్పు ఉండొచ్చు, వెట్టి ఉండొచ్చు, ఇంట్లో జరిగిన అవమానం ఉండొచ్చు. చెప్పకపోతే వదిలేయండి. ఇంకోరోజు ఆవిడే చెబుతుంది.

పేర్లలో ఒక కిటుకు ఉంది. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి, నానమ్మ పేరు మనవరాలికి పెట్టడం ఆనవాయితీ. కాబట్టి ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. మీ ఆడబిడ్డ పేరు వాళ్ళ నానమ్మదేమో కనుక్కోండి. అత్తగారి పేరు కోడలికీ ఉంటే కోడలిని ఇంకో పేరుతో పిలిచేవారు కాబట్టి, ఒక మనిషికి రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. రెండూ రాసుకోండి.

ఏ సంవత్సరమో తేల్చడం

పెద్దవాళ్ళకి తేదీలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. అవే మన క్యాలెండర్.

"ధాత కరువు" అంటే 1876-77. "మూసీ తుగియానీ" అంటే హైదరాబాద్‌ని ముంచేసిన 1908 సెప్టెంబర్ 28 నాటి వరద. తెలుగులో కీలక నామ సంవత్సరం. ఊళ్ళకి ఊళ్ళు జ్వరాలతో పోయిన సంవత్సరం అంటే ఎక్కువగా 1918, ఇన్‌ఫ్లూయెంజా ఏడు, అది కాళయుక్తి. "రజాకార్ల కాలం" అంటే 1947-48. "పోలీస్ యాక్షన్" అంటే 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా. "పోలీస్ యాక్షనప్పుడు నేను చంకల పిల్లను" అని ఆవిడ అంటే పుట్టిన సంవత్సరం దాదాపు దొరికినట్టే.

తెలుగు సంవత్సరం పేరు చెబితే అరవై ఏళ్ళకోసారి అదే పేరు వస్తుందని గుర్తుంచుకోండి. ప్రభవ 1927లో వచ్చింది, మళ్ళీ 1987లో వచ్చింది. మనిషి వయసుని బట్టి ఏ ప్రభవో మీరే తేల్చుకోవచ్చు.

సొంతూరు ఏది?

ఊరి పేరు మర్చిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. అప్పుడు రెండు గుర్తులు చూడండి. ఒకటి ఇంటిపేరు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లే: చేర్యాల వారు, వేములవాడ వారు, కొలనుపాక వారు. తాతలు ఆ ఊరు విడిచి ఇంకో ఊరికి వచ్చినప్పుడే ఆ పేరు అంటుకుంటుంది, కాబట్టి అది చివరి ఊరు కాదు, అంతకుముందు ఊరు. రెండోది ఇలవేల్పు. పుట్టువెంట్రుకలు కొమురవెల్లి మల్లన్నకి ఇస్తారా, వేములవాడ రాజన్నకా, ఏడుపాయల దుర్గమ్మకా అన్నదాన్ని బట్టి ఏ దిక్కు నుంచి వచ్చారో ఊహించవచ్చు. ఇది రుజువు కాదు, దారి చూపే వేలు మాత్రమే.

ఊరు తెలిశాక పాత తాలూకా, పాత జిల్లా పేర్లు కూడా కనుక్కోవాలి. ఎందుకంటే ఊరు కదలకపోయినా జిల్లా కదిలింది! జనగామ వైపు పల్లెలనే తీసుకోండి. 1940లలో అవి నల్లగొండ జిల్లాలో ఉండేవి, తర్వాత వరంగల్ జిల్లాలోకి వెళ్ళాయి, 2016 నుంచి జనగామే జిల్లా అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పాత కాగితం కోసం వెళ్ళినప్పుడు ఇప్పటి పేరొక్కటే చెబితే "ఇక్కడ లేదు" అంటారు.

ఊరి కాగితాల్లో ఏముంటుంది?

నిజాం కాలంలో ఊరికి పటేల్, పట్వారీ ఉండేవారు. భూమి లెక్కలన్నీ పట్వారీ దగ్గరే. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి, పాత లెక్కలు ప్రభుత్వ ఆఫీసులకి చేరాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

సేత్వార్ అనేది సర్వే చేసి, నంబర్లు వేసి, ఏ నంబరు ఎవరిదో మొదట రాసిన పుస్తకం. ముత్తాత పేరు దొరికే చోటు ఇదే. ఖాస్రా పహాణీ 1954-55లో ఊరూరా రాసింది. ప్రతి సర్వే నంబరుకీ పట్టాదారు ఎవరు, నిజంగా దున్నుతున్నది ఎవరు అని ఇందులో వేరువేరుగా ఉంటుంది. తెలంగాణలో భూమి తగాదా వస్తే కోర్టులు ఇప్పటికీ ముందు అడిగే కాగితాల్లో ఇదొకటి. ఆ తర్వాత ఏటేటా రాసిన పహాణీలు ఉంటాయి. ఒక పేరు ఏ ఏడాది ఆగి, ఇంకో పేరు ఏ ఏడాది మొదలైందో చూస్తే, ఆ ఇంట్లో పెద్దాయన ఎప్పుడు పోయారో సుమారుగా తెలుస్తుంది. అలా పేరు మార్చడాన్ని ఫౌతీ లేదా విరాసత్ అంటారు.

"మాకు గజం భూమి లేదండీ, మా పేరెక్కడుంటుంది?" అంటారా? మీకూ ఒక పుస్తకం ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద, ఇతరుల భూమి దున్నుతున్నవాళ్ళ పేర్లు రక్షిత కౌలుదార్లుగా రిజిస్టర్‌లో ఎక్కించారు. భూమి దొర పేరునే ఉన్నా దున్నినవాడి పేరు అందులో ఉంటుంది. పహాణీలోనూ పట్టాదారు గడి ఒక్కటే చూసి వదలకండి, సాగుదారు గడి కూడా చూడండి.

పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ వచ్చిన పెద్దాయననో, టీచరునో, పాత దస్తావేజు లేఖరినో పట్టుకోండి. ఈ మాటలు ముందే తెలిస్తే మీకూ పని సులువు:

- మౌజా: ఊరు
- వల్ద్: ఫలానావారి కొడుకు
- దుఖ్తర్: కూతురు
- జౌజా: భార్య
- బేవా: విధవ
- ఫౌత్: చనిపోయారు
- ఫసలీ: నిజాం సర్కారు లెక్కల సంవత్సరం. దీనికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954-55.

ఉర్దూలో అచ్చులన్నీ రాయరు. చుక్క ఒకటి చెరిగినా అక్షరం మారిపోతుంది. అందుకని మల్లయ్య ఒకచోట ములయ్యగా, ఎల్లమ్మ ఒకచోట ఇలమ్మగా చదవబడొచ్చు. సర్వే నంబరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిస్తేనే అది మన మనిషి అనుకోండి. ఒక ఊళ్ళో మల్లయ్యలు నలుగురుంటారు!

నకలు కోసం తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద ఊరు, సర్వే నంబరు, కావలసిన సంవత్సరం స్పష్టంగా రాసి అడగండి. 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ఇంకా పాతవి, జాగీర్లు, ఇనాముల తాలూకు ఫర్మానాలు, సనదులు వంటివి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మొగలాయిల కాలం నాటి పార్సీ కాగితాలు కూడా అక్కడ భద్రంగా ఉన్నాయి.

సికింద్రాబాద్ కాగితాల సంగతి వేరు

ఊరి కాగితం ఉర్దూలో ఉంటే, సికింద్రాబాద్ కాగితం ఇంగ్లీషులో ఉండొచ్చు. ఎందుకంటే ఇది 1806లో వెలసిన కంటోన్మెంట్. పరిపాలన చాలాకాలం బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉంది. 1945లో సికింద్రాబాద్‌కి మున్సిపాలిటీ, 1950లో కార్పొరేషన్, 1960లో హైదరాబాద్‌తో కలిసి ఒకే కార్పొరేషన్. కాబట్టి తాతగారు పోయింది 1955లోనా, 1965లోనా అన్నదాన్ని బట్టి వెతికే పుస్తకం మారుతుంది.

బడి రిజిస్టర్లు మర్చిపోకండి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, ఊరు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. 1862 నుంచి ఉన్న మహబూబ్ కాలేజీ, కీస్ గర్ల్స్ హైస్కూల్ వంటి పాత బడులు మన ప్రాంతంలోనే ఉన్నాయి. ఆడపిల్ల పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, సర్కారు కాగితంలో మొదటిసారి కనిపించేది తరచుగా బడి రిజిస్టర్‌లోనే. అమ్మమ్మ రెండో తరగతితో బడి మానేసినా సరే, ఆ రెండేళ్ళ హాజరు చాలు!

క్రైస్తవ కుటుంబాలకైతే చర్చి పుస్తకాలున్నాయి. బాప్తిస్మం, పెళ్ళి, సమాధి మూడింటికీ మూడు రిజిస్టర్లు. బాప్తిస్మం రిజిస్టర్‌లో తల్లి పేరూ రాస్తారు, అది పెద్ద లాభం. కంటోన్మెంట్ నాటి చర్చిల నుంచి నకళ్ళు మద్రాసుకి, అక్కడి నుంచి లండన్‌కి వెళ్ళేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

పుస్తకం లేకుండా వంశం చెప్పేవాళ్ళు

కాగితం రాకముందే మనకి వంశం చెప్పే కులాలున్నాయి. రెడ్లు, కాపుల గోత్రాలు, వంశాలు చెప్పే పిచ్చగుంట్ల వారు, అంటే ఇప్పటి వంశరాజ్‌లు; పద్మశాలీలకు పటం వేలాడదీసి మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారు; గొల్లలకు మందహెచ్చుల వారు; ముదిరాజులకు కాకిపడగల వారు; గౌడులకు గౌడజెట్టి వారు; మాదిగలకు డక్కలి వారు. ఊరూరికీ వీళ్ళకి హక్కులు పంచి ఉండేవి. ఏడాదికో, రెండేళ్ళకో వచ్చి ఇంటిల్లిపాది పేర్లు ఎత్తి పొగిడి, త్యాగం తీసుకుని వెళ్ళేవారు. సొంతూళ్ళో ఇంకా ఎవరైనా వస్తున్నారేమో కనుక్కోండి. వచ్చినప్పుడు ఉత్తచేతులతో పంపకండి. వాళ్ళు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

కాశీకో, గయకో వెళ్ళినవాళ్ళు అక్కడి పండాలని అడిగి చూడండి. మీ ఊరి నుంచి అంతకుముందు వచ్చినవాళ్ళ పేర్లు వాళ్ళ పుస్తకాల్లో రాసి ఉండే అవకాశం ఉంది.

మరి ఆడవాళ్ళ పేర్లేవీ?

ఇంత వెతికాక మీకే ఒక సంగతి తెలుస్తుంది. దొరికినవన్నీ మగవాళ్ళ పేర్లు! ఆడవాళ్ళు కనిపించినా "ఫలానా జౌజా", "ఫలానా బేవా" అనే.

ఇది సర్కారు తప్పు ఒక్కటే కాదు, మన అలవాటు కూడా. 1951-52లో మొదటి ఎన్నికలకి ఓటర్ల జాబితా రాసేటప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, ఎంతోమంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రమే చెప్పారు. సుమారు 28 లక్షల మందిని ఆ కారణంగా జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. పేరు చెప్పకపోవడం మర్యాద అనుకుంటే ఓటే పోయింది!

విచిత్రం చూడండి. అదే మన తెలుగు ఆడవాళ్ళు కూలీలుగా ఓడెక్కి దేశం దాటినప్పుడు వాళ్ళ పేర్లు రాశారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి దర్బన్ చేరిన 'ట్రూరో' ఓడ మొదలు 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి సుమారు లక్షా 52 వేల మంది వెళ్ళారు. వారిలో తెలుగువాళ్ళు చాలామంది. ఓడ జాబితాల్లో ఒక్కొక్కరికీ ఒక్కో నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రాశారు. ఆడవాళ్ళకీ విడిగా నంబరు, విడిగా పేరు. మారిషస్‌లోనూ అలాంటి రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వాళ్ళ మునిమనవలు ఆ కాగితం పట్టుకుని ఇప్పటికీ తాతలనాటి ఊళ్ళు వెతుక్కుంటున్నారు. దేశం దాటిన అవ్వ పేరు దొరుకుతోంది, ఇంట్లోనే ఉన్న అవ్వ పేరు దొరకడం లేదు!

అమెరికాలో నల్లవారి కథ ఇంకా కష్టం. బానిసలుగా ఉన్నన్నాళ్ళూ జనాభా లెక్కల్లో చాలామందికి పేరే లేదు. వారిలో ఎక్కువమంది పేర్లు మొదటిసారి ఎక్కింది 1870 లెక్కల్లో. అలెక్స్ హేలీ చిన్నప్పుడు టెన్నెసీలోని హెన్నింగ్ అనే చిన్న ఊళ్ళో వాళ్ళ అమ్మమ్మ, ఆమె అక్కచెల్లెళ్ళు వరండాలో కూర్చుని పాత కథలు చెప్పుకుంటుంటే విన్నాడు. పెద్దయ్యాక నార్త్ కరోలినాలోని అలమాన్స్ కౌంటీ అనే పల్లెప్రాంతపు 1870 లెక్కలు తిరగేస్తే, వాళ్ళు చెప్పిన కమ్మరి తాత పేరు అందులో కనిపించింది! కౌంటీ అంటే మన తాలూకా, జిల్లా లాంటిది. 1976లో ఆయన రాసిన 'రూట్స్' పుస్తకమే సహవాసిగారి తెలుగులో 'ఏడు తరాలు'గా వచ్చింది. అందులో ఇంకా వెనక తరాల సంగతులు కొన్ని కాగితాలతో సరిపోలడం లేదని తర్వాత పరిశోధకులు చూపించారు. మనకి రెండు పాఠాలూ పనికొస్తాయి. అమ్మమ్మ మాట లేకపోతే ఏ కాగితం వెతకాలో తెలియదు. కాగితం చూడకపోతే మాటలో ఏది నిజమో తెలియదు.

ఇదంతా సరదా కోసమేనా?

కాదు. ఇంటి పెద్ద పోతే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. అందులో పేరు లేకపోతే వాటా లేదు. మన రాష్ట్రంలో 1986 చట్టం, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలయ్యేలా, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా పెళ్ళయిన కూతుళ్ళకీ ఆ హక్కు వచ్చింది. ఆ నాటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతి ప్రకారం పంచుకున్నవాటిని మాత్రం కదిలించడానికి లేదు. కానీ చట్టం ఉంటే సరిపోదు కదా! ఫలానా పట్టాదారుకి నేను మనవరాలిని అని చూపించాలంటే మధ్యలో ఉన్న అమ్మ పేరు కాగితం మీద ఉండాలి. అమ్మ పేరు ఒకచోట లక్ష్మి, ఒకచోట లచ్చమ్మ, ఇంకోచోట ఉత్త "భార్య" అని ఉంటే ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. ముందే సరిచూసుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

పసుపు కుంకుమల కింద కూతురికి ఇచ్చిన పొలం ఉందేమో అడగండి. రిజిస్టర్ చేసి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆడపిల్ల పేరు మీద దస్తావేజు ఉంటుంది. జనన, మరణాలు నమోదు చేయాలని చెప్పే చట్టం 1969ది. 21 రోజుల్లోగా రాయించాలి. ఇంట్లో పెద్దావిడ పోయినప్పుడు దుఃఖంలో ఎవరో ఒకరు "మల్లయ్య భార్య" అని రాయించి వస్తారు. ఆ ఒక్క నిమిషం మీరు గుర్తుచేయండి, పూర్తి పేరు రాయించండి.

పాత కాగితాలు పదిలంగా

- చిరిగిన కాగితానికి సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్ళకి పసుపురంగు మచ్చ పడి అక్షరం పోతుంది.
- లామినేషన్ చేయించకండి. మళ్ళీ విడదీయలేం. మామూలు ప్లాస్టిక్ సంచిలో కూడా చెమ్మ పడుతుంది.
- గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసేయండి. తుప్పు కాగితాన్ని తింటుంది.
- మడతలు విప్పి, పాత మెత్తటి నూలుబట్టలో చుట్టి, ఎండిన వేపాకు వేసి స్టీలు పెట్టెలో పెట్టండి. వంటింటి గోడకి, బాత్‌రూమ్ గోడకి దూరంగా ఉంచండి. ఏటా వేపాకు మార్చండి.
- ఎర్రటి ఎండలో ఆరేయకండి. నీడలో గాలి తగలనివ్వండి.
- ప్రతి కాగితానికీ వెలుతురులో ఫోటో తీసి, ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

ఇక నోటుబుక్కు దగ్గరికి రండి. మొదటి పేజీ ఎవరిదనుకుంటున్నారు? మామగారి తాతది కాదు, మీది! మీ పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, తేదీ, అమ్మ పేరు, అమ్మమ్మ పేరు రాయండి. మెట్టినింటి పేరు తర్వాత రాద్దురుగాని. రెండో పేజీ అత్తగారికి, మూడో పేజీ అమ్మకి. వాళ్ళని ఈ వారమే అడగండి, పండక్కి అడుగుదాంలే అని వాయిదా వేయకండి. రేపు మీ మనవరాలు ఆ పుస్తకం తెరిస్తే "ముసలమ్మ పేరేంటో మరి" అనకుండా, మీ పేరే చదువుతుంది.